నా దగ్గర లేని ముక్కలు

తాటిలంక లాకుల దగ్గర లస్కరుగా పనిచేసే గుత్తుల అబ్బులు మాటల మనిషి కాడు. పొద్దున్న ఆరింటికి కాలవలో గేజీ రాయి మీద నీటిమట్టం చూసి రిజిస్టర్లో రాస్తాడు. ఆ తర్వాత నీళ్లు వదిలే షట్టర్లకి అడ్డం పడిన గుర్రపుడెక్కని కొంకికర్రతో లాగి గట్టున పడేస్తాడు. ఈ రెండు పనుల్లో ఏదీ మాటలతో అయ్యేది కాదు గనక, ముప్ఫై ఒక్క ఏళ్ల సర్వీసులో అతనికి మాటలు పెద్దగా అవసరపడలేదు. ఎండాకాలం కాలవలు కట్టేసినప్పుడు మట్టం రాసే చోట "నిల్" అని రాస్తాడు. మట్టం రాసిన రోజుల్లో అర అంగుళం తేడాకి కూడా సంజాయిషీ అడిగే పై ఆఫీసు, నిల్ రాసిన రోజున ఎందుకని ఒక్కసారి కూడా అడగలేదు. ఈ సంగతి అబ్బులు గమనించి పెట్టుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు.

లాకు అంటే రెండు జతల తలుపుల మధ్య ఉన్న పెద్ద రాతి తొట్టి. పై కాలవ నుంచి పడవ తొట్టిలోకి వస్తే పై తలుపులు మూసి, కింది తలుపుల సందుల్లోంచి నీళ్లు వదులుతారు. తొట్టిలో నీళ్లతోపాటు పడవా దిగుతుంది. కింది తలుపులు తీస్తే సాగిపోతుంది. తాటిలంకలో ఈ వైభవం అంతా ఒకప్పటిది. టేకు తలుపులు పుచ్చిపోయి, పదకొండేళ్ల కిందట ఒక వరదకి రెండు జతలూ కొట్టుకుపోయాయి. డిపార్టుమెంటు వారు వచ్చి, పై మొనలో ఇసుక బస్తాలు తాత్కాలికంగా అడ్డం వేయించారు. ఆ తాత్కాలికం మీద ఇప్పుడు రావి మొక్కలు మొలిచాయి. కొబ్బరికాయల పడవలు బస్తాల ముందే ఆగిపోతే, జట్టు కూలీలు కాయల్ని బుట్టలకెత్తి, గట్టు దిగి, అవతలి పడవలోకి మోస్తున్నారు. అబ్బులు ఏటా తలుపుల కోసం ఒక అర్జీ పెడతాడు. ఏటా "తమరి అర్జీ పరిశీలనలో ఉన్నది" అని ఒక జవాబు వస్తుంది. పదకొండు జవాబుల్నీ ఇనప తీగకి గుచ్చి లాకు గదిలో మేకుకి తగిలించాడు.

ఎనిమిదేళ్ల కిందట, ఒకనాడు గుర్రపుడెక్క వేళ్లలో ఎర్రటి ప్లాస్టిక్ ముక్క ఒకటి కనిపించింది. పైన ఎనిమిది బుడిపెలు, అడుగున బోలు. మర్నాడు నీలం ముక్క. ఒకదాని మీద ఒకటి పెట్టి బొటనవేలితో నొక్కితే టక్కుమంది. గట్టిగా లాగితే గానీ విడిపోలేదు. అప్పటిదాకా తన సర్వీసులో డిపార్టుమెంటు బిగించిన ఏ రెండు వస్తువులూ అంత నమ్మకంగా అతుక్కోవడం అబ్బులు చూడలేదు. ఎగువ టౌనులో పిల్లలు పారేసుకున్నవి కాలవ పట్టి వస్తున్నాయని అతనికి అర్థమైంది. టౌనులో పాత సామాన్ల కొట్టతను, "అయ్యి పెద్దోళ్లు కూడా పోగేసుకుంటారండి, ఒక్కో ఆసామి ఒక్కో రకం" అని చెప్పి, తన దగ్గర పడి ఉన్నవి కూడా ఒక సంచెడు తూచి ఇచ్చాడు. అలా ఎనిమిదేళ్లలో పాలబకెట్టు నిండింది. ఆ ముక్కలతో అబ్బులు లాకు గది మూల ఒక చిన్న లాకు కడుతున్నాడు. దానికి తలుపులున్నాయి.

"మనవల వయసులో ఆడాల్సిన ఆటలు తాత వయసులో ఆడతన్నావు. జనం చూత్తే నవ్వుతారయ్యా," అనేది భార్య వీరవేణి. అంటూనే గది ఊడ్చేటప్పుడు చీపురుకి తగిలిన ముక్కని కొంగుతో తుడిచి బకెట్టులో వేసేది.

ఇలా ఉండగా డివిజన్ ఆఫీసుకి పెద్ద ఇంజనీరైన ఈఈ మార్తాండరావు గారు మూడు రోజుల శిక్షణకి వెళ్లొచ్చారు. కొండ మీద చల్లటి చోట ఎవరో నిపుణుడు యాభై మంది ఇంజనీర్లని చాపల మీద కూర్చోబెట్టి, ప్లాస్టిక్ ముక్కలిచ్చి, మీ మనసులో ఉన్నది కట్టండి అన్నాడట. మార్తాండరావు గారు ఒక గోడ కట్టారు. నిపుణుడు ఆ గోడ చూసి, "మీలో గొప్ప నాయకుడున్నాడు" అన్నాడు. తిరిగొచ్చిన నాలుగోనాడు సర్క్యులర్ వెలువడింది.

"ఉద్యోగుల మానసిక వికాసము నిమిత్తము వయోజన నిర్మాణ క్రీడా సేకరణ పథకము ఈ డివిజనులో తక్షణమే అమలులోనికి వచ్చుచున్నది. క్లాజు 4: ప్రతి ఉద్యోగియు ఒకే ఒక అంశమును ఎంచుకొని ప్రకటించవలెను. క్లాజు 5: ఆ అంశమునకు చెందిన ముక్కలు డివిజనులో ఎక్కడ ఉన్నను సదరు ఉద్యోగి సేకరణలో చేర్చవలెను. క్లాజు 6: అంశమునకు చెందని ముక్కలు ఉద్యోగి వద్ద ఉండరాదు, స్టోర్సుకు జమ చేయవలెను. క్లాజు 9: ఒకసారి ప్రకటించిన అంశము మార్చుటకు వీలు లేదు."

దీనికి కర్త ఈఈ గారైనా, కర్మా క్రియా సూపరింటెండెంట్ కృపానందం గారివి. ఆయన కామా పెడితే రెండు తరాల గుమస్తాలు దాన్ని ముట్టుకోరు.

ఆఫీసులో మనిషికో ముక్కల పెట్టె పంచారు. డ్రాఫ్ట్స్‌మన్ కిటికీలు ఎంచుకుని, మిగతా ఇల్లంతా స్టోర్సుకి పంపేశాడు. అకౌంట్స్ గుమస్తా పసుపుపచ్చ తలకాయల బుల్లి మనుషుల్ని ఎంచుకుని, ఒక్కొక్కరికీ సర్వీసు రిజిస్టరు తెరిచాడు. ప్యూను తన అంశం "తెరవని పెట్టె" అని రాసి, పెట్టెని దేవుడి పటం పక్కన పెట్టి పసుపు బొట్టు పెట్టాడు. కృపానందం గారు బాగా ఆలోచించి, పెట్టెలో ఉన్న "ఎలా కట్టాలి" అనే సూచనల పుస్తకాన్ని ఎంచుకున్నారు. ముక్కలన్నీ జమ చేసేసి, పుస్తకానికి పేజీ నంబర్లు వేసి, ఫైలుకి ట్యాగు కట్టారు.

"కాయితం ఉంటే కట్టినట్టేనయ్యా," అన్నారాయన.

లాకుల దగ్గర లస్కరుకి ఎనిమిదేళ్లుగా బకెట్టుడు ముక్కలున్నాయన్న సంగతి సెక్షన్ ఏఈ గారి ద్వారా ఈఈ గారి చెవిన పడింది. ఆయన పొంగిపోయారు. పథకం పుట్టకముందే పథకం అమలు చేసిన ఉద్యోగి! అబ్బులుకి ప్రశంసాపత్రం వచ్చింది. దాని వెనకే మెమో వచ్చింది: "తమరి సేకరణ ఏ అంశమునకు చెందినదో వారము లోపున తెలియజేయని యెడల, సదరు బకెట్టును అంశరహిత సామగ్రిగా పరిగణించి స్వాధీనపరచుకొనెదము."

ఆ ఆదివారం అబ్బులు ముక్కలన్నీ చాప మీద పరిచాడు. పక్కన ఫారం పెట్టుకున్నాడు. వీరవేణి తమలపాకులు పట్టుకుని ఎదురుగా చతికిలబడింది.

"ఎర్రయి అని రాసీ. ఎర్రయ్యే ఎక్కువున్నాయి."

"తలుపులు నల్లయి."

"అయితే నల్లయని రాయి."

"పడవ తెల్లది."

"పోనీ పడవలని రాయి."

అబ్బులు పడవ చేతిలోకి తీసుకున్నాడు. దాన్ని దాటించే తొట్టి లేకపోతే పడవెందుకు? తొట్టి గోడలు ఎర్రవి, చక్రాలు బూడిదవి, షట్టరు ఒక కిటికీ రెక్క. చెయ్యి ఒకటి లేని బుల్లి మనిషి ఒకడున్నాడు. మూడేళ్ల కిందట తొలి వరదనీటికి వచ్చాడు. లాకు మీద నిలబడి తలుపులు తెరిచే రాట్నం తిప్పేది వాడే. ఏ రకం రాసినా మిగతావి పోతాయి. మిగతావి పోతే ఉన్నవి ఎందుకూ పనికిరావు.

"అన్నీ అని రాయరాదా?"

"రాశాను. అన్నీ అనేది అంశం కాదని తిప్పి పంపారు."

వీరవేణి ఒంటిచెయ్యి మనిషిని వేళ్ల మధ్య తిప్పి చూసింది. "ఈడికి తలకాయ కూడా వంకరే. ఈణ్ణి స్టోర్సులో ఎవరు చూత్తారయ్యా?" అని మెల్లిగా చాప మీద నిలబెట్టింది. ఆట ముక్కల గురించి ఆవిడ నవ్వకుండా మాట్లాడటం అదే మొదలు.

అబ్బులు ఫారం వంక చాలాసేపు చూశాడు. తర్వాత గోడనున్న గేజీ రిజిస్టరు వంక చూశాడు. అది కాలవలు కట్టేసిన నెల. పేజీ నిండా నిల్, నిల్, నిల్. ఒక్కదాని పక్కన కూడా ఎర్ర సిరా లేదు. అతను కలం తీసి, అంశం అన్న చోట గుండ్రటి అక్షరాలతో రాశాడు: "నా దగ్గర లేని ముక్కలు."

కృపానందం గారి బల్ల మీదకి ఆ ఫారం వచ్చినప్పుడు ఆయన కళ్లజోడు సర్దుకుని చదివారు. ప్రస్తుతం ఉన్నవి: నిల్. చేర్చినవి: నిల్. తగ్గినవి: నిల్. ముప్ఫై ఫారాల్లో వంకలు వెతికి వెతికి అలిసిపోయిన ఆయన కళ్లు చెమర్చాయి.

"ఇదయ్యా స్టేట్‌మెంటంటే! లస్కరు రాశాడు, సిగ్గు తెచ్చుకోండి," అని గుమస్తాలందరికీ చూపించి, ముద్ర కొట్టి, హెడ్డాఫీసుకి పంపేశారు. అక్కణ్నుంచి ఆమోదం కూడా వచ్చేసింది.

తర్వాత వారం స్టోర్సు నుంచి జీపు వచ్చింది. క్లాజు 6 ప్రకారం, అబ్బులు దగ్గరున్న ముక్కలు "లేని ముక్కలు" అనే అంశానికి చెందవు గనక బకెట్టు జమ కావాలి. అబ్బులు చిన్న లాకు విప్పి, ముక్కలు బకెట్టులో వేసి, జీపులో పెట్టాడు. ఒంటిచెయ్యి మనిషిని పైన పెట్టాడు. జీపు కనుమరుగయ్యేదాకా వీరవేణి గట్టు మీదే నిలబడింది.

"అంత తెలివైన రాత రాశావు! ఉన్నదీ పోయింది!"

అబ్బులు కొంకికర్ర తీసుకుని కాలవలోకి దిగాడు.

బకెట్టు స్టోర్సులో దిగగానే కీపరు రశీదు రాశాడు. రశీదు కృపానందం గారి దగ్గరికెళ్లింది. ఆయన సంతకం పెట్టబోయి ఆగారు. బకెట్టు ఇప్పుడు అబ్బులు దగ్గర లేదు. అంటే అందులో ముక్కలు అబ్బులు దగ్గర లేని ముక్కలు. అంటే అబ్బులు అంశానికి చెందినవి. క్లాజు 5 ప్రకారం వెంటనే అతని సేకరణలో చేర్చాలి. ఆయన మళ్లీ చదివారు. క్లాజు తను రాసిందే. ఎక్కడా సందు లేదు.

మర్నాడు జీపు బకెట్టుని తీసుకొచ్చి దింపింది. డ్రైవరు సంతకం తీసుకున్నాడు. సంతకం పెట్టగానే ముక్కలు అబ్బులు దగ్గరున్నవయ్యాయి. డ్రైవరు ఇంకో కాయితం తీసి, "మళ్లీ పట్టుకెళ్లాలంటండి," అన్నాడు.

"టీ తాగి పట్టుకెళ్లు," అన్నాడు అబ్బులు.

మూడు వారాలు బకెట్టు అలా వెళ్తూ వస్తూ ఉంది. నాలుగో వారం కృపానందం గారి మనస్సాక్షికి ఇంకో సంగతి తట్టింది. అబ్బులు దగ్గర లేని ముక్కలంటే ఆ బకెట్టు ఒక్కటే ఎందుకవుతుంది? డ్రాఫ్ట్స్‌మన్ కిటికీలు అబ్బులు దగ్గరున్నాయా? లేవు. గుమస్తా గారి బుల్లి మనుషులు? లేరు. ప్యూను తెరవని పెట్టె? డివిజనులో ఎక్కడ ఉన్నను, అని తను రాసిన మాట. ఆయన నిజాయితీపరుడు. కలం కదిలించారు.

జీపు చాల్లేదు. ట్రాక్టరు మాట్లాడారు. ముప్ఫై మంది ఉద్యోగుల పెట్టెలూ లాకుల దగ్గర దిగాయి. వెనకే బుల్లి మనుషుల సర్వీసు రిజిస్టర్లు ఒక దస్త్రం. దిగిన గంటకి అవన్నీ అబ్బులు దగ్గరున్నవైపోయి, మళ్లీ ట్రాక్టరెక్కాయి. ఆఫీసు చేరగానే మళ్లీ లేనివయ్యాయి. ప్యూను తన పెట్టె వెంట రోజూ ట్రాక్టరు మీద వచ్చి, బొట్టు చెరగకుండా కాపలా కాసి, మళ్లీ ట్రాక్టరు మీదే వెళ్లేవాడు. డివిజనులో ఇతర పనులన్నీ ఆగిపోయాయి. రెండో కాలవకి గండి పడిందని వచ్చిన రైతులకి, ట్రాక్టరు ఖాళీ లేదు, గండిని పరిశీలనలో ఉంచామని చెప్పారు. చివరికి రైతులే తాటి దుంగలు కొట్టి పూడ్చుకున్నారు. దానికి వాళ్లనుంచి సంజాయిషీ అడిగారు.

పథకం ఆపుదామా అంటే హెడ్డాఫీసు అప్పటికే దీన్ని మిగతా డివిజన్లకి ఆదర్శంగా ప్రకటించింది. అబ్బులు అంశం మారుద్దామా అంటే క్లాజు 9. మార్తాండరావు గారికి ఒత్తిడి పెరిగింది. బల్ల మీద ముక్కలతో గోడ కట్టుకుందామంటే, ఒక్క ముక్క లేదు. అన్నీ ట్రాక్టరు మీద ఉన్నాయి.

ఒక ఉదయం ఈఈ గారు, కృపానందం గారు స్వయంగా లాకులకి వచ్చారు. వెనక ట్రాక్టరు. వీరవేణి రెండు కుర్చీలు వేసి, కొబ్బరి బొండాలిచ్చింది.

"అబ్బులూ," అన్నారు ఈఈ గారు నీరసంగా, "నీ దగ్గరుంటే ఉండకూడదు. లేకపోతే ఉండాలి. ఏం చెయ్యమంటావు చెప్పు."

"ఈ అంశమునందు శాశ్వత పరిష్కారమునకు అవకాశము కనబడుట లేదు సార్," అన్నారు కృపానందం గారు. ఆయన బొండాం కూడా ఫైలు పట్టుకున్నట్టే పట్టుకున్నారు.

అబ్బులు కాలవ వంక చూశాడు. తర్వాత, వీరవేణి లెక్క ప్రకారం పెళ్లయ్యాక అతను ఏకబిగిన మాట్లాడిన అతి పెద్ద మాట మాట్లాడాడు.

"పడవ లాకులోకొచ్చాక పై రిజిస్టర్లో కొట్టేత్తామండి. కింది రిజిస్టర్లో ఇంకా ఎక్కించమండి. కింది తలుపు తీసి బయటికెళ్లాకే ఎక్కిత్తాం. అందాకా అది పైనా లేదండి, కిందా లేదండి. లాకులో ఉందంతే."

కృపానందం గారి చేతిలో బొండాం ఆగింది. "లాకు మాన్యువల్," అన్నారాయన, గుడిలో మాట్లాడినట్టు మెల్లగా. "నలభై ఒకటో పేరా. 'తొట్టి యందున్న సరుకు ఎవరి అధీనమందును ఉన్నట్లు గాని లేనట్లు గాని భావింపరాదు.' సార్! ముక్కలన్నీ తొట్టిలో పెడితే అవి అబ్బులు దగ్గర ఉన్నవీ కావు, లేనివీ కావు!"

మార్తాండరావు గారు లేచి అబ్బులు భుజం తట్టారు. ట్రాక్టరు వెనక్కి తిప్పమన్నారు. అంతలో కృపానందం గారి మొహం మళ్లీ వాడింది. ఆయన మాన్యువల్ని గౌరవించే మనిషి.

"అయితే సార్, రెండో పేరా. లాకు అనగా రెండు జతల తలుపులు కలిగినది. తలుపులు లేనిచో అది లాకు కాదు, గొయ్యి. గోతిలో పెట్టితే అది అబ్బులు దగ్గరున్నట్టే."

"ఏం, తలుపుల్లేవా?" అన్నారు ఈఈ గారు.

"పదకొండేళ్లయిందండి," అన్నాడు అబ్బులు.

"పదకొండేళ్లా! మరి ఎందుకు చెప్పలేదు?"

అబ్బులు గదిలోకెళ్లి మేకు నుంచి తీగ తీసుకొచ్చి ఇచ్చాడు. మార్తాండరావు గారు ఒక్కొక్క జవాబే తిప్పుతూ చదివారు. ఈ మధ్య వచ్చిన మూడు కాయితాల మీద సంతకం తనదే. కాసేపు చూసి, "వాక్యం బాగుంది," అని తీగ తిరిగి ఇచ్చేశారు.

ఎస్టిమేటు ఆ సాయంత్రమే తయారైంది. పడవల కోసమని రాస్తే పరిశీలనలోకి వెళ్తుందని కృపానందం గారికి తెలుసు. అందుకని "ఆదర్శ పథకపు సేకరణ భద్రత నిమిత్తము, అత్యవసరము" అని రాశారు. పంతొమ్మిదో రోజున రెండు లారీల్లో తలుపులు దిగాయి. కొత్త టేకు, ఇనప పట్టీలు, ఇత్తడి కీళ్లు. ఇసుక బస్తాలు తీసేటప్పుడు రావి మొక్కల్ని వీరవేణి జాగ్రత్తగా పెకలించి గట్టున నాటింది.

ముప్ఫై మంది పెట్టెలూ, దస్త్రాలూ, బకెట్టూ ఒక పాత నాటుపడవలోకి ఎక్కించి, టార్పాలిన్ కప్పి, తొట్టి గోడకున్న ఇనప కడియానికి పొడుగు తాడుతో కట్టారు. సేకరణ నూటికి నూరు శాతం పూర్తి అయినదనీ, ప్రస్తుతం మార్గమధ్యమున ఉన్నదనీ హెడ్డాఫీసుకి రిపోర్టు వెళ్లింది. మార్తాండరావు గారికి పై మెట్టుకి ప్రమోషనొచ్చింది. కృపానందం గారు తన సూచనల పుస్తకాన్ని కూడా టార్పాలిన్ కింద పెట్టి, వెళ్లేముందు రెండుసార్లు వెనక్కి చూశారు.

ముక్కల పడవ కట్టిన మర్నాడు పొద్దున్న ఎగువ నుంచి కొబ్బరికాయల పడవ వచ్చింది. సరంగు అలవాటు కొద్దీ బస్తాలున్న చోట గెడ వేసి ఆపి, బుట్టల కోసం అరవబోయి, తలుపులు చూసి నోరు తెరిచాడు.

"ఓరి అబ్బులూ! ఇయ్యెప్పుడొచ్చాయిరా?"

అబ్బులు రాట్నం తిప్పాడు. పై తలుపులు తెరుచుకున్నాయి. పడవ లోపలికొచ్చింది. పై తలుపులు మూసుకున్నాయి. కింద నీళ్లు వదిలితే కొబ్బరికాయల పడవా, దాని పక్కన ముక్కల పడవా రెండూ ఒక్కసారే మెల్లగా దిగాయి. కింది తలుపులు తెరవగానే ఒకటి సాగిపోయింది. రెండోది తాడు బిగిసి అక్కడే ఆగింది. తర్వాత ఇంకో పడవ కింది నుంచి వస్తే, దానితోపాటు మళ్లీ పైకి లేచింది.

మధ్యాహ్నం పడవల రాకపోకలు తగ్గాక వీరవేణి అన్నం క్యారేజీ పట్టుకుని వచ్చేసరికి, అబ్బులు తొట్టి మెట్లు దిగి, ఆ నాటుపడవలో కూర్చుని ఉన్నాడు. ఒళ్లో చిన్న లాకు సగం కట్టి ఉంది. ఒంటిచెయ్యి మనిషి రాట్నం దగ్గర నిలబడి ఉన్నాడు. ఇప్పుడు చుట్టూ డ్రాఫ్ట్స్‌మన్ కిటికీలూ, గుమస్తా గారి మనుషులూ కూడా ఉన్నారు. ముక్కలకి కొదవ లేదు.

వీరవేణి మెట్టు మీద కూర్చుంది. "ఒక మాట అడుగుతాను, నిజం చెప్పాలి. ఆ రోజు ఫారం రాసేటప్పుడే ఇదంతా అనుకున్నావా?"

అబ్బులు ఒక నల్ల ముక్క వెతికి, తలుపు అంచున పెట్టి, బొటనవేలితో నొక్కాడు. టక్కుమంది.

"కూరేంటి?" అన్నాడు.

"చెప్పవన్నమాట!"

సాయంత్రం పడవల లెక్క ఎక్కించే లాకు రిజిస్టరు రాసే వేళయింది. పదకొండేళ్లుగా ఆ పుస్తకం నిండా నిల్ అనే ఒకే మాట ఉంది. అబ్బులు కొత్త పేజీ తిప్పి, గీత గీసి, గుండ్రటి అక్షరాలతో రాశాడు.

దాటిన పడవలు: ఆరు.

తొట్టిలో ఉన్నవి: బకెట్టు ఒకటి, తదితరములు.

తలుపులు: ఉన్నవి.